పిడికెడు మునగాకు

యారాడ
14-3-1983

పోర్టుబ్లెయిరులో ఉన్న సూరన్న బావకి ఎల్లాజీ రాస్తున్నాను.

నీ చెల్లి పోతమ్మ బాగుంది. తెప్ప బాగుంది. నేనే కొంచెం బాగాలేను. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. మాస్టారు మనిద్దరి చెవులూ మెలిపెట్టి నేర్పిన అక్షరాలు నీకు ఓడ సరుకు మీద పేర్లు రాయడానికి పనికొచ్చాయి. నాకు ఇన్నాళ్లూ దేనికీ పనికి రాలేదు. ఇవాళ వచ్చాయి.

పోయిన నెల తెప్ప దింపేటప్పుడు తిరగబడింది. నీకు తెలుసు, మన ఒడ్డున 'దించు' అని చెప్పేది నేను. పెద్ద కెరటాలు వరసగా వచ్చిపోయాక ఒక సందు వస్తుంది. ఆ సందుని కంటితో కాదు, చెవితో పట్టాలి. మీ అయ్య నాకు కళ్లు మూయించి నేర్పాడు. ఆ రోజు కళ్లు మూసుకున్నాను. సందు వినిపించింది. 'దించు' అన్నాను. దాలయ్య, నేను తోశాం. ఎదురుగా కొండలాంటి కెరటం లేచి ఉంది. తెప్ప మా నెత్తి మీద నుంచి వెళ్లి ఒడ్డున పడింది. దాలయ్య నోట్లో ఇసక ఉమ్మేసి, "ఏటి బావా, సెవుల్లో సీసం పోసుకున్నావేటి?" అన్నాడు.

నేను విన్నది సముద్రాన్ని కాదు బావా. నా లోపలి దాన్ని.

మధ్యాహ్నం తెప్ప నీడలో పడుకుంటే చెవి ఇసకకి ఆనుతుంది. అప్పుడు బాగా వినిపిస్తుంది. ఒకటి రెండు కొట్టుకుని ఆగుతుంది. తరవాత గబగబా కొట్టుకుంటుంది. తరవాత ఏమీ ఉండదు. బుట్టలో పడేసిన కానాగంత చేప ఆఖరున ఎలా కొట్టుకుంటుందో అలా. వింటూ వింటూ నిద్రలోకి పోతాను. కలలో కూడా ఒడ్డునే ఉంటాను, తెప్ప దించడానికి. కెరటాలు వస్తూనే ఉంటాయి, వరస లేకుండా. దాలయ్య "దించమంటావా?" అని అడుగుతూ ఉంటాడు. నేను చెప్పను. పొద్దు అక్కడే ఉంటుంది, కుంగదు.

పోతమ్మ పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ చాలాసేపు విన్నది. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. ఆ జ్వరమే అప్పట్లో గుండె లోపలి తలుపుని పాడు చేసిందట. ఇప్పుడు గుండెలో పైగది కొట్టుకోవడం మానేసి ఊరికే వణుకుతోందట. వణికే చోట రక్తం మడుగులో నీళ్లలా నిలవ ఉండి గడ్డ కడుతుందట. ఆ గడ్డ కదిలి తలలోకి పోతే పక్షవాతం. మీ అయ్య పేరు ఎవరూ ఎత్తలేదు. నేను పోతమ్మ వైపు చూశాను. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

గుండెని నిదానం చెయ్యడానికి ఒక మాత్ర ఇచ్చింది. అది వేసుకుంటున్నాను. రెండోది ఇంకా వేసుకోలేదు. అది రక్తాన్ని పలచన చేస్తుంది. గడ్డ కట్టనివ్వదు. కానీ చెయ్యి తెగితే రక్తం తొందరగా ఆగదు. "ఏం పని చేస్తావు?" అంది. గాలాలు వేస్తానన్నాను. నా చేతులు రెండూ తిప్పి చూసింది. ఎక్కడ చూసినా మచ్చలే. "ఈ మాత్ర వేసుకుంటే ఆ పని మానాలి. మానలేనంటే ఇంట్లో ఆలోచించుకుని రా" అంది.

మీ అయ్య లేడు. పెద్దవాడివి నువ్వే. ఒక మాట చెప్పు.

గాలాలకి ఎర గుచ్చుతూ మధ్యలో ఆపి రాశాను. ఉత్తరానికి వాసన వస్తే ఏమీ అనుకోకు.

ఎల్లాజీ


పోర్టుబ్లెయిరు
5-4-1983

ఎర వాసన కొట్టే బావకి,

వాసన వచ్చింది. పక్కనున్న బెంగాలీ ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం కాగితం రెండుసార్లు వాసన చూశాను.

నువ్వు రాసింది చదివాను. నాకు ఒక్కటే అర్థమైంది. ఉన్న రక్తాన్ని నీళ్లు చేసుకోమని ఎవరో చెబితే నువ్వు ఆలోచిస్తున్నావు! రక్తం పలచనైనవాడు ఎందుకు పనికొస్తాడు? మనవాళ్లు రక్తం పట్టాలని కార్జం తింటారు, పీతల పులుసు తాగుతారు. పోగొట్టుకోవడానికి మందు మింగేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఇక్కడ మా మేస్త్రీకి ఉత్తరం చదివి చెప్పాను. "మీ బావకి పెళ్లాం తిండి పెట్టడం లేదేటి?" అన్నాడు.

చిన్నప్పుడు నీకు వచ్చింది జ్వరం కాదు, బడి ఎగ్గొట్టే రోగం. అది గుండెలోకి పోవడం ఏమిటి?

అయ్య సంగతి వేరు. అయ్య ముసలివాడు. నీకు నలభై దాటి ఎన్నాళ్లయింది? తెప్ప ఒకసారి తిరగబడితే ఆసుపత్రికి పోతే ఊళ్లో సగం మంది ఆసుపత్రిలోనే ఉండాలి.

ఇక్కడి సముద్రం నీకు నచ్చదు. కెరటం లేదు. పళ్లెంలో పోసినట్టు ఉంటుంది. పడవ అంచు మీద నుంచి చూస్తే అడుగున రాళ్లు, వాటి మధ్య పసుపు పచ్చ చేపలు, వాటి నీడలు కూడా కనిపిస్తాయి. చప్పుడు మాత్రం ఉండదు. పని అయ్యాక రేవు మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉంటే నేను నీళ్లలో ఉన్నానో బయట ఉన్నానో తెలియదు. నువ్వు ఇక్కడికి వచ్చెయ్. 'దించు' అనే పనే ఉండదు.

ఆ మాత్ర వేసుకోకు. ఇదే నా మాట.

మీ బావ
సూరన్న


యారాడ
22-5-1983

సూరన్న బావకి,

నీ మాట ప్రకారం మాత్ర వేసుకోలేదు. డబ్బాని చూరులో దోపాను.

మొన్న ఒకటి జరిగింది. అది ఎలా రాయాలో తెలియడం లేదు.

దాలయ్య, నేను కొండకి ఎదురుగా గాలాలు వేసి ఉన్నాం. పొద్దు బాగా ఎక్కింది. నీళ్లు కదలడం లేదు. నువ్వు చెప్పిన పళ్లెంలాగే ఉంది. తాడు లాగితే పెద్ద చేప వచ్చింది. వెండిలా మెరుస్తోంది, పొడుగ్గా, ఒంటి మీద చారలు. దాని పేరు చెబుదామని నోరు తెరిచాను. పేరు లేదు. మరిచిపోవడం కాదు బావా. మరిచిపోతే ఎక్కడో ఉన్నట్టు తెలుస్తుంది. ఇది ఎప్పుడూ లేనట్టే ఉంది. దాలయ్య ఏదో అంటున్నాడు. గొంతు వినిపిస్తోంది, మాటలు లేవు, కాకి అరిచినట్టుంది. కుడిచేతిలోంచి తాడు జారిపోతోంది. అది నా చెయ్యి అని నాకు అనిపించలేదు. తెప్ప మీద ఎవరిదో చెయ్యి ఉందనుకున్నాను.

కొండని చూశాను. దీపస్తంభాన్ని చూశాను. అన్నీ చాలా బాగున్నాయి. భయం వెయ్యలేదు.

కాసేపటికి "వంజరం" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. అప్పటికి చేప లేదు, తాడుతో సహా పోయింది. దాలయ్య నా భుజాలు పట్టుకుని ఏడుస్తున్నాడు. "మాటాడు బావా, తిట్టు బావా, ఏదోటి తిట్టు" అంటున్నాడు. తిట్టాను. అప్పుడు నాకు భయం వేసింది.

ఒడ్డుకి వచ్చాక పోతమ్మకి చెప్పవద్దన్నాను. దాలయ్య తెప్ప దిగకముందే చెప్పేశాడు.

నువ్వేమంటావు?

ఎల్లాజీ


పోర్టుబ్లెయిరు
11-6-1983

బావకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు మాకు సరుకు దింపే పని. రాత బాగుంది. వంజరం చేపని తాడుతో సహా వదిలేసి ఇంత చక్కగా రాసినవాణ్ణి నేను చూడలేదు.

ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ రోజు పొద్దున్న తాగావా? ఎండలో, ఖాళీ కడుపుతో, సారా పడితే నాకు కూడా చేపల పేర్లు రావు. ఒకసారి నా పేరే రాలేదు. దాలయ్య సంగతి చెప్పక్కర్లేదు, వాడు తాగితే ఏడుస్తాడు. ఇద్దరూ తాగి గుండె మీదకి నెట్టకండి.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఓడలు ఆలస్యంగా వస్తున్నాయి. మా చెల్లిని భయపెట్టకు.

సూరన్న


యారాడ
2-7-1983

సూరన్నకి,

నేను తాగడం మానేసి మూడేళ్లు దాటింది. నువ్వు ఓడ ఎక్కిన రోజు తాగిందే ఆఖరు. ఆ సంగతి నీకు తెలియదు. తెలియనివాడు అడగవచ్చు, తేల్చేయకూడదు.

నీ ఉత్తరం పోతమ్మకి చదివి వినిపించాను. ఆమె చేపలు తోముతూ విన్నది. చేతులు కడుక్కుంది. చూరులోంచి డబ్బా తీసింది. నా ముందు పెట్టి నిలబడింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, నువ్వు ఆమెకి అన్నయ్యవి కాబట్టి.

"మాయన్న ఓడెక్కి ఎల్లిపోనాడు. మాయయ్యకి గంజి పోసింది నాను. సెంచాతో పోత్తే సగం బుగ్గమీంచి సెవిలోకి పోయీది. ఆ సెవి తుడిసి మల్లీ పోసీదాన్ని. కళ్లు మాత్రం నన్నే సూసీవి. మల్లీ నీకూ పొయ్యమంటే నావల్ల కాదు. మాత్తర ఏసుకుంటావా, నన్ను ఓడెక్కించీసి మాయన్న కాడికి పంపీసి, నువ్వొక్కడివీ సత్తావా?"

వేసుకున్నాను.

గాలాలు దాలయ్యకి ఇచ్చేశాను. ఒడ్డున వలలో చిక్కిన చేపలు ఏరుతున్నాను, వల కడుతున్నాను. మాత్ర వేసుకునేవాళ్లు అప్పుడప్పుడు వెళ్లి రక్తం ఎంతసేపటికి గడ్డ కడుతుందో చూపించుకోవాలి. ఆసుపత్రి పట్నంలో ఉన్నా, మధ్యలోని ఓడల చానలు దాటడానికి పడవ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

'దించు' అని ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. కుర్రాళ్లు చూసుకుని దించుకుంటున్నారు. రెండు తెప్పలు తిరగబడ్డాయి.

ఎల్లాజీ


పోర్టుబ్లెయిరు
20-7-1983

ఎల్లాజీ బావకి,

'బావ' అని రాయలేదు నువ్వు. ఉత్తరం పైన ఖాళీగా కనిపించింది. నీ కోపం నాకు తెలుసు. నాలుగైదు చేపలు పడేదాకా ఉంటుంది.

చెల్లి అన్నది చదివాను. సరే, మాత్ర వేసుకున్నావు. ఇక నేను వద్దనను. కానీ పలచనైన రక్తంతో ఎన్నాళ్లుంటావు? దానికి ఒక ఉపాయం ఉంది. ఇది ఆషాఢమే కదా. దాలయ్య గుడిసె వెనక మునగచెట్టు ఉంది. అమ్మ బతికున్నప్పుడు ఆషాఢం నెలంతా మునగాకు పెట్టేది, నీకు గుర్తుందా? 'రత్తం పడతాది, తినండిరా' అని తిట్టి పెట్టేది. చెల్లికి చెప్పు, పండక్కి పెట్టినట్టు ఒక రోజు కాదు, నెలంతా రోజూ వండమని. మాత్ర పలచన చేస్తుంది, ఆకు చిక్కన చేస్తుంది. రెండూ సరిపోతాయి. ఏం నష్టం లేదు, ఆకే కదా.

ఇది నేను చెప్పానని చెప్పు. చెల్లి నా మాట ఒకటైనా విన్నట్టుంటుంది.

బావనే,
సూరన్న


యారాడ
5-8-1983

సూరన్న బావకి,

బావ అని రాశాను. చూసుకో.

పోతమ్మ నీ మాట విన్నది. ఉత్తరం అందిన రోజు నుంచి రోజూ మునగాకే. పొద్దున్నే గడపలో కూర్చుని రెమ్మలు దూస్తుంది. ఆమె గోళ్లు ఆకుపచ్చగా మారాయి. కూర, పప్పు, పొడి, చివరికి చేపల పులుసులో కూడా. నాకు నిద్రలో కూడా చిన్న చిన్న గుండ్రటి ఆకులు కురుస్తున్నాయి. నిన్న కలలో మీ అమ్మ ఒడ్డున నిలబడి ఒడినిండా ఆకులు పెట్టుకుని సముద్రంలోకి చల్లుతోంది. నీళ్లు పచ్చగా అయ్యాయి, చిక్కబడ్డాయి. తెప్ప దిగబడి కదలడం లేదు. "ఇక తిరగబడదు" అంది.

ఇంకో సంగతి వింటే నువ్వు నవ్వుతావు. ఆసుపత్రిలో నా రక్తం చూశారు. పలచబడలేదట! డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. "మాత్ర రోజూ వేసుకుంటున్నావా?" అంది. పోతమ్మ, "నానే నోట్లో ఏత్తన్నానమ్మా, మింగినాక నోరు తెరిపించి సూత్తన్నాను" అంది. "ఆకుకూరలు ఎక్కువ తింటావా?" అని అడిగింది. నాకు కాస్త పౌరుషం వచ్చింది. "మేం చేపలోళ్లం అమ్మా. ఆకులూ అలములూ తినం" అన్నాను. పోతమ్మ కూడా తల ఊపింది. ఆషాఢం మునగాకు ఎక్కడైనా తిండి కిందికి వస్తుందా? అది పండక్కి తలంటు పోసుకోవడం లాంటిది.

మాత్ర పెంచారు. వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. పడవలో తిరిగి వస్తూ పోతమ్మ, "నీ రత్తం నీలాగే మొండిది" అంది. నాకు లోపల కొంచెం సంతోషం వేసింది. ఊళ్లో కూడా చెప్పాను.

చేతులు కడుక్కున్నాను, ఈసారి వాసన ఉండదు.

ఎల్లాజీ


పోర్టుబ్లెయిరు
27-8-1983

చిక్కటి రక్తం బావకి,

మేస్త్రీకి చెప్పాను. "పెద్దాసుపత్రి మాత్రకి లొంగని రక్తం మా బావది" అన్నాను. నా వంతు టీ కూడా పోయించాను. చెప్పానా లేదా! మనది ఉప్పునీళ్ల రక్తం. నువ్వు ఇంకా ఎన్ని మాత్రలైనా మింగు, ఏమీ కాదు.

తొందరలో ఉన్నాను. ఓడ కూత వేసింది.

సూరన్న


విశాఖపట్నం, పెద్దాసుపత్రి
17-9-1983

సూరన్న బావకి,

నీ ఉత్తరం పోతమ్మ ఇక్కడికి తెచ్చింది. నవ్వుదామనుకున్నాను. చిగుళ్లు నొప్పి పుట్టి మానేశాను.

శ్రావణం వచ్చిందని మునగాకు ఆపేశాం. ఆషాఢం దాటాక ఎవరు తింటారు? వల ఏరుతుంటే జెల్ల చేప ముల్లు బొటనవేల్లో దిగింది. చిన్నప్పటి నుంచి ఎన్ని దిగలేదు! తీసి పారేశాను. రక్తం వచ్చింది. ఎక్కువ కాదు. కానీ అది ఆగలేదు. తొందర లేకుండా, చెప్పడానికి చాలా ఉన్న మనిషిలా వస్తూనే ఉంది. పసుపు అద్దారు. చుట్ట నుసి అద్దారు. గుడ్డ కట్టారు. గుడ్డ ఎర్రబడింది, ఇంకోటి కట్టారు. ఏరిన వల మీద, ఇసక మీద, పోతమ్మ చీర మీద పడింది. మర్నాటికి చిగుళ్లలోంచి వచ్చింది. ఒంటేలుకి వెళితే ఎర్రగా ఉంది. దాలయ్య నన్ను చానలు పడవ దాకా వీపు మీద మోశాడు.

ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంకొకరి రక్తం ఎక్కించారు. ఎవరిదో తెలియదు. ఎక్కుతున్నంతసేపూ ఎవరిదో పెరట్లో నడుస్తున్నట్టు కలలు వచ్చాయి. అరటి చెట్లు, నూతి గట్టు, పలుపు కట్టిన దూడ. నేను ఎప్పుడూ చూడని ఇల్లు. చల్లగా ఉంది. అక్కడ ఎవరూ నన్ను ఎవరని అడగలేదు.

డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. "ఈ నెలలో ఏం మారింది? బాగా ఆలోచించి చెప్పండి" అంది.

"ఏటీ మారలేదమ్మా" అంది పోతమ్మ. "శ్రావణమొచ్చినాది కదా, మునగాకు ఒగ్గీసినాం. అంతే."

"మునగాకా? అంతకు ముందు తిన్నారా?"

"ఆసాడం ఎల్లేదాకా రోజూ తిన్నాడు. మాయన్న ఉత్తరం రాసినాడు."

"ఆకులు తినరని చెప్పారు కదా!"

"అది ఆకేటమ్మా? ఆసాడం కదా."

డాక్టరమ్మ చేతిలో కాగితం మంచం మీద పెట్టింది. తరవాత నవ్వింది. కోపంగా ఉంటే బాగుండును అనిపించింది. ఆకులో ఉన్నది మాత్రకి ఎదురు పని చేస్తుందట. పెద్దవల లాగేటప్పుడు రెండు తాళ్లూ రెండు వైపులా లాగుతారు కదా, అలాగ. ఆకు అటు లాగుతుంటే ఆమె మాత్ర పెంచి ఇటు గట్టిగా లాగింది. శ్రావణం రాగానే మేం అటు తాడు ఒక్కసారి వదిలేశాం. ఇటున్నవాళ్లు వెల్లకిలా పడరా మరి? ఇది నేను అనుకున్నది, ఆమె మామూలుగానే చెప్పింది.

ఈ వార్డు కిటికీలోంచి మన కొండ కనిపిస్తుంది. వెనక నుంచి. పట్నంవాళ్లు చూసేది ఇదేనన్నమాట. ఓడలు దాని పక్క నుంచి లోపలికి పోతాయి. మన ఊరు ఎక్కడా కనిపించదు. అటువైపు ఊరు ఉందని చెబితే తప్ప ఎవరికీ తెలియదు. పోతమ్మకి చూపించాను. "మనమెక్కడున్నాం?" అంది.

ఇంటికి వెళ్లాక ఆ మాత్ర మానేద్దామని ఉంది. గడ్డ కడితే ఒక్క రోజులో అయిపోతుంది. ఇలా బొట్లు బొట్లుగా పోవడం నేను చూడలేను. ఎటు పోయినా ముల్లే.

ఈసారి నువ్వు ఆలోచించి రాయి.

ఎల్లాజీ


పోర్టుబ్లెయిరు
8-10-1983

బావా,

ఆలోచించే రాస్తున్నాను. మొదట 'మానెయ్' అని రాశాను. ఆ కాగితం చింపాను. తరవాత 'మానకు' అని రాశాను. అదీ చింపాను. నేను ఆకు అన్నాను, నువ్వు తిన్నావు. నేను మాత్ర వద్దన్నాను, నువ్వు వేసుకోలేదు. మధ్యలో ఉప్పునీళ్ల రక్తం అని టీలు పోయించాను. ఇక మందుల గురించి నా దగ్గర నుంచి ఒక్క అక్షరం రాదు. చెల్లి పక్కనే ఉంటుంది. నేను సముద్రానికి ఇవతల ఉన్నాను. ఆమెని అడుగు.

మొన్న మధ్యాహ్నం రేవు మెట్ల మీద కునుకు పట్టింది. కలలో మన ఒడ్డు చప్పుడు వినిపించింది. లేచి చూస్తే నీళ్లు కదలడం లేదు. ఎంతసేపు చెవి పెట్టినా ఏమీ లేదు.

చిగుళ్లు ఎలా ఉన్నాయి? రాయి.

సూరన్న


యారాడ
13-11-1983

సూరన్న బావకి,

చిగుళ్లు బాగున్నాయి. బొటనవేలు మానింది, మచ్చ పడింది. పాత మచ్చల్లో కలిసిపోయింది, ఇప్పుడు వెతికినా తెలియదు.

ఇంటికి వచ్చాక నీ ఉత్తరం రాకముందే మాత్ర మానేశాను. డాక్టరమ్మ తగ్గించి ఇచ్చిన మాత్రల డబ్బా మళ్లీ చూరులో దోపాను. పోతమ్మ చూసింది. మునుపటిలా అరుస్తుందని ఎదురుచూశాను. అరిస్తే నేనూ నాలుగు అందామని సిద్ధంగా ఉన్నాను. ఆమె అటు తిరిగి పని చేసుకుంది.

ఒక మధ్యాహ్నం అన్నం పెట్టింది. కవళ్ల చేపల పులుసు. కంచం పక్కన ఒక చెంచా పెట్టింది. మనం చెంచాతో ఎప్పుడు తిన్నాం? చూస్తే మీ అయ్యది. వంకర తిరిగిన కాడ, ఒక పక్క అరిగిపోయింది. ఇన్నాళ్లు ఎక్కడ దాచిందో. శుభ్రంగా తోమి పెట్టింది.

నేను ఆమె వైపు చూశాను. ఆమె పులుసు వడ్డిస్తూ, "ఉప్పు సరిపోనాదా?" అంది.

సరిపోయిందన్నాను. లేచి డబ్బా దింపాను. మాత్ర వేసుకుని కూర్చుని తిన్నాను, చేత్తోనే. తిన్నాక చూస్తే చెంచా అక్కడ లేదు. ఎక్కడ పెట్టిందని అడగలేదు. ఇంట్లోనే ఉంది, అది నాకు తెలుసు.

నువ్వు అడుగుతావు కాబట్టి చెబుతున్నాను. మాత్రకి గుండె బాగుపడదు. ఇక అది అలాగే వణుకుతుంది, గడ్డ కట్టకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది. పోతమ్మ ఒకసారి నా వీపుకి చెవి ఆనించి విన్నది. "నీలాగే ఉన్నాది. ఎల్లమంటే ఎల్దు, ఆగమంటే ఆగదు" అంది.

మునగాకు పూర్తిగా మానక్కర్లేదన్నారు. ఎప్పుడూ ఒకేలా తినాలి. ఒక నెల కుండెడు, ఒక నెల ఏమీ లేకుండా అయితేనే ప్రమాదం. అందుకని ప్రతి శుక్రవారం ఒక్క పిడికెడు. "ఒకేలా ఉండాలంటే కొలత కావాలి కదా" అన్నాను. "నా సెయ్యేటి పెరుగుతాదా?" అని పిడికిలి చూపించింది. మొన్న రక్తం చూశారు. సరిగ్గా ఉందన్నారు. ఆషాఢంలో కూడా పిడికెడేనట. నువ్వు వచ్చే ఆషాఢానికి వస్తే నీకు కుండెడు వండుతుంది. తగువు పడకు.

గాలాలు ఇక లేవు. వెదురు సూదితో వలలు కడుతున్నాను. దానికి మొన లేదు, గుచ్చుకోదు. మొదట్లో నలుగురూ తెప్పలెక్కి వెళుతుంటే నేను వల ఒళ్లో పెట్టుకుని ఎటో చూసేవాణ్ణి. దాలయ్య ఒకసారి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "బావా, కుర్రనాకొడుకులు తెప్పలిరగ్గొట్టేత్తన్నారు. లేచి సెప్తావా, లేదా?" అన్నాడు. "నా చెవుల్లో సీసం ఉంది కదా" అన్నాను. "సీసమున్నా నీ సెవే మేలు, లే" అని రెక్క పట్టుకుని లాగాడు.

వెళ్లి నీళ్ల అంచున నిలబడ్డాను. కాళ్ల కింద ఇసక జారుతోంది. తెప్ప పట్టుకుని అందరూ నా వైపే చూస్తున్నారు. కళ్లు మూసుకున్నాను. రెండు చప్పుళ్లూ వినిపించాయి బావా. ఒకటి కొట్టుకుని, ఆగి, పరిగెత్తి, మళ్లీ ఆగుతోంది. అది నాది. ఇంకోటి దూరంగా, పెద్దగా, ఒకదాని వెనక ఒకటి వస్తోంది. మునుపు రెండూ కలిసిపోయి తెప్ప తిరగబడింది. ఇప్పుడు ఏది ఏదో తెలుస్తోంది. నాదాన్ని దాని మానాన వదిలేశాను. రెండోదాన్ని విన్నాను. చాలాసేపు పట్టింది. దాలయ్య "బావా?" అన్నాడు. చెప్పలేదు. పెద్దవి వచ్చాయి, పోయాయి. ఇంకోటి వచ్చింది, పోయింది. తరవాత నీళ్లు ఊపిరి పీల్చుకున్నట్టు వెనక్కి వెళ్లాయి.

"దించు" అన్నాను.

కళ్లు తెరిచేసరికి తెప్ప కెరటాలకి అవతల ఉంది. దాలయ్య వెనక్కి తిరిగి తువ్వాలు ఊపుతున్నాడు. నేను ఒడ్డున ఉన్నాను.

శుక్రవారం ఇవాళ కాదు. లేకపోతే ఈ కాగితం మీద పచ్చటి వేలిముద్ర ఉండేది.

ఎల్లాజీ